ఘాట్ రోడ్డు దిగాక: రాజమండ్రిలో ఏజెన్సీ జనం

రాజమండ్రిలో గోకవరం బస్టాండ్‌కి ఆ పేరు ఊరికే రాలేదు. గోకవరం మీదుగా రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వెళ్లే దారికి అదే మొదలు. కొండ మీదనుంచి దిగి వచ్చేవాళ్లకి నగరంలో మొదట పరిచయమయ్యే చోటూ అదే. ఉదయం బస్సులు దిగేవాళ్లలో రకరకాల మనుషులుంటారు. పెద్దాసుపత్రికి రోగిని తీసుకొచ్చినవాళ్లు, సెలవులయ్యాక హాస్టల్‌కి తిరిగొస్తున్న కుర్రాళ్లు, ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో బియ్యం పెట్టుకుని పనికోసం దిగిన జంటలు. వీళ్లలో కోయలుంటారు, కొండరెడ్లుంటారు, కొండ కమ్మర్లుంటారు, వాల్మీకులుంటారు. నగరం మాత్రం అందరికీ కలిపి ఒకే పేరు పెట్టేసింది: ఏజెన్సీ వాళ్లు.

ఆ పేరు వెనక ఒక కథ ఉంది. ఏజెన్సీ అనేది జాతి పేరు కాదు, కొండ పేరు అంతకన్నా కాదు. మైదానంలో నడిచే చట్టాలు కొండల్లో నడవవని తేల్చుకున్న తెల్లదొరలు, 1839 నుంచి గవర్నరు తరఫున ఒక ఏజెంటును పెట్టి ఆ ప్రాంతాల్ని విడిగా పాలించారు. ఏజెంటు పాలించే నేల కాబట్టి ఏజెన్సీ. దొరలు పోయారు, ఫైళ్లలో పుట్టిన మాట మాత్రం మనుషులకి అంటుకుపోయింది. విడి చట్టం అనే ఆలోచన కూడా అలాగే మిగిలింది. గిరిజన ప్రాంతాల పాలనకి విడి నియమాలు పెట్టిన రాజ్యాంగం ఐదో షెడ్యూలు దానికి కొనసాగింపే. గోదావరి డెల్టా నగరాల్లో ఆదివాసీ వలసజీవుల బతుకు అర్థం కావాలంటే కొండకీ మైదానానికీ మధ్య చట్టం గీసిన ఈ గీత దగ్గరే మొదలుపెట్టాలి. వాళ్ల రక్షణలు చాలావరకు మనిషి పేరున కాక నేల పేరున రాసి ఉన్నాయి. మనిషి కొండ దిగితే అవి అక్కడే ఉండిపోతాయి.

దూరం చూస్తే పెద్దదేం కాదు. రాజమండ్రి నుంచి రంపచోడవరం యాభై, అరవై కిలోమీటర్లు. చింతూరు దానికి రెట్టింపు పైన. 2015లో ఊరి పేరు రాజమహేంద్రవరంగా మారినా జనం నోట రాజమండ్రే కాబట్టి ఇక్కడా అలాగే రాసుకుందాం. 2011 జనగణన నాటికే నగరంలో మూడు లక్షల నలభై వేల మంది ఉన్నారు. హైదరాబాదుతోనో విశాఖతోనో పోలిస్తే చిన్నదే కావచ్చు. ముప్పై ఇళ్ల గూడెం నుంచి వచ్చినవాడికి మాత్రం అదే మహానగరం.

ఒకప్పుడు కొండ జనం డెల్టాలో నిలిచేవారు కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, కాలవలు పారి వరి పెరిగాక, కోతలకీ ఊడ్పులకీ కూలీలు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చేవారు. కొండవాళ్లు సంతకి దిగి, చింతపండో కరక్కాయో కొండచీపుర్లో అమ్మి, ఉప్పూ బట్టా కొనుక్కుని తిరిగి ఎక్కేవారు. కదలిక నిజానికి అటునుంచి కన్నా ఇటునుంచే ఎక్కువ. మైదానపు వర్తకుడు అప్పు పుస్తకంతో కొండెక్కాడు. 1879 రంప పితూరీకి కల్లు మీద వేసిన పన్నుతో పాటు, వర్తకులు చదువురాని వాళ్లచేత కాగితాలు రాయించుకుని, కోర్టు డిక్రీలు తెచ్చి పశువుల్ని తోలుకుపోవడం కూడా ఒక కారణం. ఆ దెబ్బ తిన్నాకే 1917లో కొండ భూములు బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా చట్టం వచ్చింది. తరవాత 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 నాటి సవరణ వచ్చాయి. వన్ ఆఫ్ సెవెంటీ అని ఏజెన్సీలో చదువురాని ముసలమ్మకి కూడా తెలిసిన చట్టం ఇదే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొంటే ఆ కొనుగోలు చెల్లదు.

మరి ఇంత కాపలా ఉన్న నేలని వదిలి ఎందుకు దిగుతున్నారు?

భూమి కాపాడబడింది, కానీ పెరగలేదు. తాత అడవి నరికి కొట్టిన పోడు తండ్రికి రెండు ముక్కలైంది, కొడుకులకి నాలుగైంది. కొత్త పోడు కొట్టే వీలు పోయింది. పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానం అయ్యాక ఆ చుట్టుపక్కల అడవి మీద ఆంక్షలు ఇంకా పెరిగాయి. జీడిమామిడి పూతకి మంచు దెబ్బ తగిలిన ఏడు చేతిలో డబ్బు ఆడదు. 2025-26లో ఉపాధి హామీ పని ఏడాదికి వంద రోజులు, అటవీ హక్కు పట్టా ఉన్న కుటుంబానికి నూట యాభై ఉండేది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో దాని రోజు కూలీ 307 రూపాయలు. నగరంలో స్లాబు పనికి దానికి రెండింతలు పలికే రోజులుంటాయి. లెక్క కష్టమైంది కాదు.

చదువుకున్నవాళ్లు దిగడానికి ఇంకో కారణం ఉంది. దాని మీద మైదానంలో పెద్దగా చర్చ జరగలేదు. షెడ్యూల్డు ప్రాంతపు బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని ప్రభుత్వం 2000లో ఇచ్చిన ఉత్తర్వు జీవో నంబరు 3. గూడెంలో డీఎడ్ చేసిన కుర్రాడికి అదొక్కటే దగ్గరలో కనిపించే ఉద్యోగం. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ ఉత్తర్వుని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లని కదపలేదు గానీ, ఆ వెనక క్యూలో ఉన్నవాళ్ల దారి మూసుకుపోయింది. నూటికి నూరు పోస్టులున్న చోట ఇక రాష్ట్రమంతటికీ వర్తించే ఆరు శాతమే దిక్కు. అందుకని కోచింగ్ సెంటర్లున్న ఊరికి దిగాలి, అద్దె గది తీసుకోవాలి, తండ్రి జీడిపిక్కలు అమ్మిన డబ్బు ఫీజు కట్టాలి. కోర్టు తీర్పు సమానత్వం గురించి మాట్లాడింది. గూడెం బడిలో కోయ పిల్లల మాట అర్థమయ్యే టీచరు ఎవరన్న ప్రశ్న దానితో తేలలేదు.

మూడోది పోలవరం. ఈ ప్రాజెక్టు వల్ల కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే, వాళ్లలో సగానికి మించి ఆదివాసులు. మొదటి దశలో నీరు నిలిపేది 41.15 మీటర్ల మట్టం వరకు, పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ నాలుగున్నర మీటర్ల తేడాలో ఎన్నో ఊళ్లు అటూ ఇటూ కాకుండా ఇరుక్కున్నాయి. 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కి మారిన చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల వాళ్లకి జిల్లా మారింది, రాష్ట్రం మారింది, ఆఫీసు మారింది. మారని సంగతి వరద ఒక్కటే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు దిగువన ఉన్న ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. కొంపలో బురద ఎత్తి పోసుకున్నాక కుర్రాళ్లకి ఆ ఊరి మీద ఆశ తగ్గడం సహజం. పరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు, కాలనీ ఇల్లు ఎప్పుడిస్తారో తెలియదు. ఈలోపు కడుపు నిండాలిగా.

దిగినవాళ్లు చేసే పని వాళ్లు ఎవరి ద్వారా దిగారన్న దాన్నిబట్టి ఉంటుంది. మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి తీసుకొచ్చినవాళ్లు గోదావరి గట్టు పొడుగునా ఉండే ఇటుక బట్టీలకి పోతారు. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకటే లెక్క, ఇటుకల వెయ్యికి ఇంత అని. బంధువుల్ని పట్టుకుని వచ్చినవాళ్లు కడియం నర్సరీల్లో చేరతారు. సంచుల్లో మట్టి నింపడం, కుండీలు మోయడం, కలుపు తీయడం. అంటు కట్టే చెయ్యి మాత్రం సాధారణంగా స్థానికుడిదే, అది తరాలుగా నేర్చిన విద్య. కూలీ కూడా దానికే ఎక్కువ. భవన నిర్మాణంలోనూ ఇదే మెట్ల వరస కనిపిస్తుంది. తాపీ ఒకరిది, సెంట్రింగ్ ఒకరిది, రాడ్ బెండింగ్ ఇంకొకరిది. కాంక్రీటు తట్టలు మోసే పని కొండ దిగివచ్చిన వాళ్లది. అడవిలో వెదురు చీల్చి బుట్ట అల్లే కొండరెడ్డి చేతిలో పనితనం లేక కాదు. ఏ పనితనానికి నగరం డబ్బిస్తుందో అది వాళ్లకి నేర్పే మేస్త్రి దొరకడు. మేస్త్రి తన పనిని తన మేనల్లుడికి నేర్పుతాడు, అదే లోకరీతి.

ఆడపిల్లల దారి వేరు. ఇంటర్ వరకు గురుకులంలో చదివి ఆగిపోయినవాళ్లు తాడితోట, మెయిన్ రోడ్డు వైపు బట్టల కొట్లలో సేల్స్ గర్ల్స్‌గా చేరతారు. ఉదయం కొట్టు తీసినప్పటినుంచి రాత్రి కట్టేదాకా నిలబడే పని. ఇక్కడ మాట ముఖ్యం. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే కాబట్టి యాస కాస్త సవరించుకుంటే గడిచిపోతుంది. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకి చీర బేరం ఇంకో పరీక్ష. నర్సింగ్ చదివిన అమ్మాయిల పరిస్థితి అందరికన్నా మెరుగు. చదువు పూర్తిచేసి ఆసుపత్రిలో డ్యూటీ దొరికితే ఇంటికి డబ్బు పంపగలిగేది వాళ్లే.

పని దొరకడం కన్నా గది దొరకడం కష్టం. గోదావరి జిల్లాల్లో అద్దెకి పోర్షన్ అడిగితే యజమాని మొదట అడిగేది జీతం కాదు. మీదే ఊరు, ఇంటిపేరేంటి, మీరేమిట్లు? ఈ మూడు ప్రశ్నలు ఎంతో మర్యాదగా, మంచినీళ్లిచ్చి మరీ అడుగుతారు. మడకం, సోడి, కుంజా, కారం, కురసం లాంటి ఇంటిపేర్లు చెప్పగానే అర్థం కానివాళ్లకి ఊరి పేరు చెప్పగానే అర్థమవుతుంది. కాదు పొమ్మని ముఖం మీద అనరు. మా చుట్టాలొస్తున్నారండీ, ఇంకొకరికి మాటిచ్చామండీ అంటారు. గోదావరి మర్యాదకి ఉన్న ఈ రెండో అంచు గురించి ఇక్కడివాళ్లు పెద్దగా మాట్లాడుకోరు. చివరికి గది దొరికేది ముందే ఎవరో ఒక బంధువు ఉంటున్న సందులో, లేదా పనిచేసే సైటులోనే రేకుల షెడ్డులో.

కొండరెడ్లది ఇంకో తంటా. పేరు చివర రెడ్డి ఉంటుంది. మైదానంలో రెడ్డి అంటే వేరే కులం, భూములున్న కులం. దరఖాస్తులో ఎస్టీ అని, పేరులో రెడ్డి అని కనిపించేసరికి గుమస్తా తలెత్తి ఓసారి చూస్తాడు. కొండకాపు, కొండదొర లాంటి పేర్లతో కొందరు దొంగ సర్టిఫికెట్లు తెచ్చుకున్నారన్న వివాదాలు రాష్ట్రంలో ఏళ్ల తరబడి నడిచాయి. వాటిని అరికట్టడానికే 1993లో కుల ధ్రువీకరణ పత్రాల చట్టం వచ్చింది. దొంగల్ని పట్టడానికి పెట్టిన జల్లెడ కొండ మీద పుట్టి పెరిగినవాడినీ ఆపుతుంది. ముత్తాత కాలంనుంచి కొండ మీదే ఉన్న మనిషి తాను కొండరెడ్డినని నగరంలో రుజువు చేసుకోవాల్సి వస్తుంది. ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగలుగా గుర్తించిన వాటిలో కొండరెడ్లు ఉన్నారు. నగరపు కౌంటర్ దగ్గర ఆ మాట ఎవరికీ తెలియదు.

ఇక వీళ్ల గురించి నగరంలో వినిపించే మెచ్చుకోలు ఒకటుంది, అది అన్నిటికన్నా ఖరీదైంది. ఏజెన్సీ వాళ్లు అమాయకులండీ, కల్లా కపటం తెలీదు, చెప్పిన పని చేసుకుపోతారు. అనేవాళ్లు దీన్ని నిజంగా మంచి మాటగానే అంటారు. మేస్త్రి నోట అదే మాట వస్తే అర్థం వేరు. కూలీ పెంచమని అడగరు, ఓటీకి లెక్క రాయించుకోరు, వారం కూలీ ఆదివారం ఇవ్వకపోతే మళ్లీ ఆదివారం దాకా ఆగుతారు. అమాయకత్వం ఇక్కడ గుణం పేరుతో తగ్గిన రేటు. ఓపిగ్గా ఉండడానికి అసలు కారణం స్వభావం కాదు. అడ్డా మీద తన తరఫున మాట్లాడే మనిషి లేకపోవడం, రేపు ఇదే మేస్త్రి పిలవకపోతే గది అద్దెకి దారిలేకపోవడం. సంతలో జీడిపిక్కల ధర గురించి కోయ ముసలాయన బేరమాడటం చూసినవాళ్లెవరూ ఆయన్ని అమాయకుడు అనరు.

మళ్లీ గీత దగ్గరకి వద్దాం. కొండ మీద ఆదివాసీకి ఐటీడీఏ, అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. రంపచోడవరంలో ఒకటి, చింతూరులో ఒకటి, గోదావరికి అవతల కోట రామచంద్రపురంలో ఒకటి. వారం వారం అర్జీ ఇవ్వడానికి ఒక గుమ్మం, తిట్టుకోవడానికి ఒక ఆఫీసరు ఉంటారు. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పీసా చట్టం ప్రకారం గ్రామసభ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. ఇవి సరిగ్గా అమలవుతున్నాయా అన్నది వేరే గొడవ, అమలు చేయమని అడిగే చోటంటూ ఒకటుంది. నగరంలో గిరిజన సంక్షేమ శాఖ కనిపించే రూపం ముఖ్యంగా హాస్టలు. విద్యార్థి అయితే ఆ గేటు లోపలికి వెళ్లగలడు. సెంట్రింగ్ కూలీకి, బట్టల కొట్టు అమ్మాయికి ఆ శాఖతో పనిపడే సందర్భమే రాదు. గిరిజన ఉపప్రణాళికకి రాష్ట్రం 2013లో చట్టమే చేసింది. జనాభా నిష్పత్తిలో నిధులు విడిగా పెట్టాలంది. ఆ నిధులతో వేసిన రోడ్డు, కట్టిన హాస్టలు కనిపిస్తాయి. వలస వచ్చిన గిరిజన కూలీలు రాత్రిపూట తలదాచుకునే వసతి గృహం కనబడదు.

కార్మిక చట్టాల వైపు చూస్తే ఇంకో గీత. 1979 వలస కార్మికుల చట్టం రాష్ట్రం దాటినవాళ్లకే వర్తించేది. 2020లో పార్లమెంటు చేసిన కార్మిక కోడ్ కూడా వలస కార్మికుడంటే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వచ్చినవాడనే చెప్పింది. దాని ప్రకారం ఒరిస్సా నుంచి వచ్చిన కూలీ వలస కార్మికుడు, చింతూరు నుంచి వచ్చిన కూలీ కాదు. ఇద్దరూ ఒకే షెడ్డులో పడుకుంటారు, ఇద్దరికీ చుట్టూ ఉన్న తెలుగు సగమే అర్థమవుతుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఒకటుంది, కట్టడాల విలువ మీద ఒక శాతం సెస్సు వసూలవుతుంది. అందులో పేరు నమోదు కావాలంటే గడిచిన ఏడాదిలో తొంభై రోజులు పనిచేసినట్టు రుజువు కావాలి. నెలకో మేస్త్రి దగ్గర పనిచేసేవాడికి ఆ కాగితం మీద సంతకం పెట్టేదెవరు?

రేషన్ విషయంలో మాత్రం ఒప్పుకోవాల్సిన మార్పు ఉంది. ఊళ్లో కార్డు ఉంటే నగరంలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకునే వీలు వచ్చింది. దేశమంతా ఒకే రేషన్ పద్ధతి మొదలైనప్పుడు 2019లో తొలి విడతలోనే ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇంటినుంచి బియ్యం సంచి మోసుకొచ్చే అవసరం కొంత తగ్గింది. మిగతా పథకాల దగ్గరే చిక్కు. సచివాలయాలు వచ్చాక ప్రతి కుటుంబం ఏదో ఒక సచివాలయం కింద నమోదై ఉంటుంది, దాన్నే మ్యాపింగ్ అంటారు. నగరానికి మార్పించుకుంటే ఊళ్లో వచ్చేవి ఆగిపోతాయేమోనని భయం. మార్పించుకోకపోతే ప్రతి సంతకానికీ బస్సెక్కాలి. పోనురాను చార్జీలు, ఒకటో రెండో రోజుల కూలీ పోతాయి. సర్వర్ డౌన్ అని తిప్పి పంపితే ఇంకో రోజు. ఓటు కూడా అక్కడే ఉంటుంది. రంపచోడవరం, పోలవరం రెండూ ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గాలు. వాళ్ల ఎమ్మెల్యే కొండమీదివాడు, వాళ్లుండే సందులో కుళాయి రాకపోతే అడగాల్సింది నగరం మనిషిని. ఓటు లేని సందుకి కుళాయి ఆఖరున వస్తుంది.

కొండ దిగినా వెంట వచ్చే చట్టం ఒకటి లేకపోలేదు. 1989 అట్రాసిటీ చట్టం ఎక్కడైనా వర్తిస్తుంది. కాకపోతే స్టేషన్‌లో మొదట అడిగేది మళ్లీ కుల ధ్రువీకరణ పత్రమే.

రెండు గీతలు దాటినవాళ్ల సంగతి మరీ దారుణం. 2005లో బస్తర్‌లో మావోయిస్టులకి వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైన తరవాత ఛత్తీస్‌గఢ్ నుంచి గొత్తికోయలు గోదావరి చుట్టుపక్కల అడవుల్లోకి వచ్చి పడ్డారు. భాషలో, బంధుత్వంలో ఇక్కడి కోయలకి దగ్గరివాళ్లే. కానీ ఎస్టీ జాబితా రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన ఒక ఎస్టీ విద్యార్థి మెడికల్ సీటు కేసులో సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది, ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాడు ఇంకో రాష్ట్రానికి పోతే ఆ హోదా వెంట రాదని. అడవిలో గీసిన గీత ఏ చెట్టు మీదా కనపడదు. దానికి ఇటు పుట్టినవాడు గిరిజనుడు, అటు పుట్టి ఇటొచ్చినవాడు కాగితం లేని కూలీ. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో, కాకినాడ పరిసరాల్లో పనిచేసే ఒరిస్సా, జార్ఖండ్ వాళ్లలోనూ ఆదివాసులుంటారు. జార్ఖండ్‌లో సంతాల్ పెద్ద తెగ. ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఆ పేరే లేదు. పీలింగ్ షెడ్డులో మంచు నీళ్లలో చేతులు పెట్టి రొయ్య ఒలిచే సంతాల్ పిల్ల ఇక్కడి లెక్కల్లో ఉత్త హిందీ అమ్మాయి. ఆమెకి హిందీ కూడా నేర్చుకున్న భాషేనన్న సంగతి షెడ్డు సూపర్‌వైజరుకి తెలిసే అవకాశం తక్కువ.

ఆసుపత్రి దగ్గర ఈ గీతలన్నీ ఒకేచోట కలుస్తాయి. కొండ మీద పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కడినుంచి రాజమండ్రికి, కేసు ఇంకా ముదిరితే కాకినాడ జీజీహెచ్‌కి రాస్తారు. 2023లో రాజమండ్రి పెద్దాసుపత్రికి మెడికల్ కాలేజీ తోడైంది. పేషెంటుకి మంచం దొరుకుతుంది, వెంట వచ్చినవాళ్లకే చోటుండదు. కోయ మాత్రమే వచ్చిన ముసలామె నొప్పి ఎక్కడో చెప్పడానికి వేలితో చూపించాలి. నొప్పి ఎలాంటిదో చెప్పడానికి వేలు చాలదు. రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, తల్లిదండ్రులనుంచి పిల్లలకి వచ్చే సికిల్ సెల్ జబ్బు కోయలతో సహా ఎన్నో ఆదివాసీ తెగల్లో ఉంది. 2047 నాటికి దాన్ని లేకుండా చేయాలని కేంద్రం 2023 జులైలో మిషన్ మొదలుపెట్టింది. రక్తపరీక్షలు గిరిజన ప్రాంతాల్లో జరుగుతాయి. పరీక్షలవాళ్లు గూడేనికి వచ్చిన రోజున ఇరవై ఏళ్ల కుర్రాడు రాజమండ్రిలో స్లాబు మీద ఉంటాడు. తరవాత ఎప్పుడో ఎండలో కీళ్లు పట్టేసి పడిపోతే, ఆర్‌ఎంపీ వడదెబ్బ అనుకుని సెలైన్ పెడతాడు. పెళ్లికి ముందే తెలుసుకోవాల్సిన సంగతి కాబట్టి ఈ వయసువాళ్లు లెక్క తప్పడం ఇంకా నష్టం.

భాష నెమ్మదిగా జారిపోతుంది. 2011 లెక్కల ప్రకారం కోయ మాట్లాడేవాళ్లు దేశంలో నాలుగు లక్షల పైచిలుకు. గోండికి చెల్లెలు లాంటి ద్రావిడ భాష. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల మొదట్లో గిరిజన పిల్లలకి మొదటి తరగతులు వాళ్ల మాటల్లోనే చెప్పే ప్రయత్నం మొదలైంది, కోయ అందులో ఉంది. అదీ కొండమీది బడుల్లోనే. నగరపు మునిసిపల్ బడిలో, కాన్వెంటులో కోయ పిల్ల మొదటి రోజునుంచే ఇంగ్లిష్ మీడియం. రెండేళ్లు తిరిగేసరికి తల్లి కోయలో అడిగితే పిల్ల తెలుగులో జవాబు చెబుతుంది. బస్సులో అయితే తల్లి కూడా తెలుగులోనే మాట్లాడుతుంది, గొంతు తగ్గించి. తమని తాము కోయతోర్ అని పిలుచుకునే జనం ఆ మాటని సిటీ బస్సులో పలకరు.

ఇదంతా చదివి నగరం అంటే వాళ్లకి అన్నీ చేదేననుకుంటే తప్పు. గూడెంలో పెద్దల మాటకి ఎదురు చెప్పలేని అమ్మాయికి ఇక్కడ తన జీతం తన ఫోన్‌లో పడుతుంది. అప్పులవాడి మొహం చూడక్కర్లేదు. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలో, 1853 నాటి ఆర్ట్స్ కాలేజీలో చదివే ఏజెన్సీ కుర్రాళ్లు ఒకరినొకరు వెతుక్కుంటారు. ఊళ్లో ఉన్నప్పుడు కోయలది ఒక గూడెం, కొండరెడ్లది ఒక గూడెం, పెళ్లిళ్లు పేరంటాలు వేరు. హాస్టల్లో ఆ తేడా సగం పోతుంది, ఆదివాసీ అనే మాట అక్కడే కొత్తగా బలపడుతుంది. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఊరేగింపులో నడిచే కుర్రాళ్లలో కొందరు కొమ్ము బూర ఊదడం తాతల దగ్గర కాక వాట్సాప్ వీడియోల్లో చూసి నేర్చుకున్నవాళ్లు. నగరం ఒక చేత్తో భాషని తీసుకుని ఇంకో చేత్తో ఈ పేరుని ఇచ్చింది. బేరం లాభమో నష్టమో ఇప్పుడే చెప్పడం కష్టం.

తిరిగి వెళ్లడం మాత్రం ఆగదు. భూమి పండగకి, మామిడి కొత్తలకి, ఇంట్లో చావుకి, జీడిపిక్కలు ఏరే రోజులకి నగరపు గదులు ఖాళీ అవుతాయి. ముందు చెప్పి సెలవు తీసుకున్నా, మేస్త్రులు దీన్నే బాధ్యత లేకపోవడం అంటారు. సంక్రాంతికి పది రోజులు డెల్టా అంతా కోడిపందేల బరుల దగ్గరే ఉంటే దానికి ఆ పేరు పెట్టరు. సంపాదించిన డబ్బు ఎక్కువగా పైకే పోతుంది. స్లాబు ఇల్లు, తమ్ముడి ఫీజు, బైకు. రాజమండ్రిలో ఒక సెంటు కొనే స్తోమత ఎవరికోగాని లేదు, కొండ మీద ఉన్న ఎకరాన్ని బ్యాంకు తాకట్టుకి తీసుకోవడమూ కష్టమే. వన్ ఆఫ్ సెవెంటీ కాపాడిన భూమికి నగరపు బజారులో విలువ కట్టేవాడుండడు. ఆ చట్టాన్ని సడలించాలనేవాళ్లు ఎత్తి చూపే సంగతుల్లో ఇదొకటి. భూమి ఒకసారి బజారులోకి వస్తే ఎవరి చేతికి పోతుందో 1879కి ముందు జరిగిన కథ చెబుతుంది కాబట్టి ఆ వాదన దగ్గర జాగ్రత్త అవసరం. ఖనిజాల కోసం గిరిజన భూముల్ని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని 1997 సమత తీర్పు చెప్పిందీ ఈ నిబంధన ఆధారంగానే.

అలాగని హక్కు నేలని వదిలి మనిషి వెంట రావడం చట్టానికి తెలియని ఆలోచనేం కాదు. 2013 భూసేకరణ చట్టం 42వ సెక్షన్ చదివితే అది కనిపిస్తుంది. షెడ్యూల్డు ప్రాంతంలోని గిరిజనుల్ని ప్రాజెక్టు కోసం బయటికి తరలిస్తే, కొత్త చోటు షెడ్యూల్డు ప్రాంతం కాకపోయినా, ఆ చట్టం కింద ఉన్న రక్షణలు అక్కడికీ వర్తించాలని రాసి ఉంది. అంటే పోలవరం నీళ్లు ముంచి కాలనీకి పంపిన కుటుంబానికి, కాగితం మీదైనా, హక్కులు కొండ దిగుతాయి. అదే ఊరినుంచి పంట పోయి, ఉద్యోగం దొరక్క, తనంతట తాను బస్సెక్కిన కుటుంబానికి దిగవు. 2027 జనగణనలో రాజమండ్రి వార్డుల ఎస్టీ గళ్లలో ఇద్దరూ ఒకే అంకెలో కలిసిపోతారు. తరాలుగా మైదానంలోనే ఉంటున్న యానాదులు, ఎరుకలవాళ్లు కూడా ఆ అంకెలోనే ఉంటారు. ఎన్యూమరేటరు తలుపు కొట్టేసరికి రేకుల షెడ్డులో ఎవరైనా ఉంటేనే ఆ మాత్రమైనా. అది భూమి పండగ రోజులైతే తాళం వేసి ఉంటుంది.